కుక్కలతో నగర విడిది

బండి నీడను నడచు కుక్క, ఆ బండిని తానే మోయుచున్నానని తలచునట! గర్వించువానిని పరిహసించుటకు మనవారు చెప్పు సామెత యిది. దీనిని పుట్టించిన మహానుభావుడు ఒక్క రాత్రియైనను బండిపై ప్రయాణము చేసియుండడని నా యనుమానము. చేసియుండినచో, బండివాడు కన్ను మూసినది మొదలు తెల్లవారువరకు ఆ బండి బరువు నిజముగనే ఆ కుక్కమీద నుండునని యెరిగియుండెడివాడు.

నేను నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లివాడను. వ్యవసాయ కుటుంబమున బుట్టి, పండిత శిక్షణ పొంది, ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలలో తెలుగు బోధించి విరమించితిని. ఇట్టివానికి కుక్కలను గూర్చి ప్రసంగించు అధికారమేమి యని శ్రోతలు అడుగవచ్చును. అధికారము లేదు, అనుభవము కలదు. 2022వ సంవత్సరము జూలై నెలలో లండను మహానగరమున ఆరు రాత్రులు గడపితిని. బస హోటలులో గాదు, బంధువుల యింటను గాదు. చక్రములపై నిలిచిన యొక యింటిలో. అందు నేను, మా అమ్మాయి, అల్లుడు, పదియేండ్ల మనుమడు, రెండు కుక్కలు. ఇట్టి వాహనమును ఆ దేశస్థులు మోటార్‌హోమ్ అందురు. నేను దానికి గృహశకటమని పేరు పెట్టితిని. మనుమడు ఆ మాట పలుకలేక నవ్వి, "ఇల్లుబండి అందాం తాతా" అనెను. వాని మాటయే నా మాటకన్న బాగున్నది కనుక నేటి ప్రసంగమున దానినే వాడెదను.

లండను సంగతికి ముందు మా ఊరి సంగతి కొంత చెప్పవలెను. ఆ యిల్లుబండిలో నాకు అవసరమైన నియమములు చాలవరకు మా తాత పసుపుబండి క్రింద నేర్చినవే.

మా ప్రాంతము పసుపునకు పుట్టినిల్లు వంటిది. మా ఊర పసుపు పరిశోధన కేంద్రము కలదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. నా బాల్యమున, అనగా 1960వ దశకము చివర, పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పెట్టి, కొమ్ములను మండలను వేరువేరు గోనెసంచులకెత్తి, ఎడ్లబండ్లపై నిజామాబాదు గంజికి తోలుకొని పోయెడివారు. ఏబది కిలోమీటరులకు పైబడిన దూరము. వేసవి మొదలగు దినములు గావున పగటి యెండలో ఎడ్లు నడువవు. చల్లని వేళ నడచి, ఆర్మూరు నల్లరాళ్ళ గుట్ట కనబడు తావున ఒక విడిది చేసి, మరునాటి రాత్రికి నగరము చేరుట వాడుక.

విడిది యనగా నేమి? కాడి విప్పి, నొగలకు ఊతకర్ర నిలిపి, ఎడ్లను చక్రములకు కట్టి చొప్ప వేయుదురు. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టింతురు. కందిలిని ఇరుసునకు వ్రేలాడగట్టుదురు. ఆ కందిలి క్రింద కుక్క. మా బండి కుక్క పేరు మోతి. మెడయందు తెల్లని మచ్చగల నల్లకుక్క. జొన్నరొట్టెలో మొదటి తునక దానికి వేయనిదే మా తాత తాను తినెడివాడు కాడు. పోట్లాడు స్వభావముగల కుక్క యున్న బండిని వరుస చివర నిలుపుదురు. ఒకని కుక్క యింకొకని సద్దిమూట ముట్టినచో ఆ కుక్కగలవాడే తన సద్ది నియ్యవలెను. ఎవరును వ్రాసిపెట్టిన శాసనము కాదు. అయినను ఏ బండివాడును దానిని దాటగా నేను చూడలేదు.

తరువాతి కాలమున నేను బోధను ప్రాంతమున కొన్ని యేండ్లు పనిచేసితిని. 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారము అప్పుడు నడచుచుండెడిది. 2015 డిసెంబరులో అది మూతపడినది. చెరకు గానుగాడు దినములలో ఆ శక్కర్‌నగరు త్రోవలో బండ్లు బారులుదీరి, తమ వంతునకై రాత్రులు వేచియుండెడివి. ముందు బండి ఒక గజము జరిగిన, వెనుకనున్న కుక్కలన్నియు లేచి ఒక గజము జరిగి మరల పరుండెడివి. బడినుండి వచ్చుచు నేనా దృశ్యమును చాలసేపు నిలిచి చూచుచుండెడివాడను. నగరపు అంచున బండితో, కుక్కతో విడిది చేయుట ఇంగ్లీషువారు మనకు నేర్పవలసిన విద్య కాదని చెప్పుటకే దీనిని తలచితిని.

అయితే సరదాకై ఇట్లు తిరుగుటను ఇంగ్లీషువారు ఒక శాస్త్రముగా చేసిరి. గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు వైద్యుడు, నౌకాదళమునుండి విరమించినవాడు, 1885లో బ్రిస్టలు నగరమున ఒక ఇల్లుబండిని చేయించెను. దానికి 'వాండరర్' అనగా సంచారి యని పేరు. రెండు గుర్రములు లాగునది. ఆ బండిలో ఆయన ఇంగ్లండునుండి స్కాట్లండు ఉత్తరభాగమందలి ఇన్వర్నెస్ వరకు పోయెను. ఆయన వెంట ఒక పెద్ద న్యూఫౌండ్లండు కుక్క యుండెను. దాని పేరు హరికేన్ బాబ్, అనగా తుపాను బాబ్! సేవకుడొకడు మూడు చక్రముల సైకిలుపై ముందుగా పోయి, రాబోవు ఊరిలో గుర్రములకు తావు కలదో లేదో కనుగొని వచ్చెడివాడు. మరు సంవత్సరమే వైద్యుడు ఆ యాత్రను గ్రంథముగా వ్రాసెను. 1907లో ఇట్టి బండ్లవారందరు చేరి ఒక క్లబ్బు పెట్టుకొనిరి. అది నేటికిని కలదు. మేము దిగిన విడిది ఆ క్లబ్బుదే. లండను ఆగ్నేయభాగమున అబ్బీ వుడ్ అను పేటలో, చెట్ల నడుమ నున్నది. సమీపమున 1178లో కట్టిన లెస్నెస్ మఠము శిథిలములు కలవు.

లోపలికి పోగానే నేను గమనించినది బండ్ల నడుమ నున్న ఎడము. ఒక బండికిని ఇంకొక బండికిని 6 మీటరులు ఉండవలెనట. ఒకటి అంటుకొనిన రెండవది అంటుకొనకుండుటకు. గులకరాళ్ళు పరచిన తావున బండిని నిలిపి, అల్లుడు నీలిరంగు తీగను తెచ్చి స్తంభమునకు తగిలింపగా లోపల దీపములు వెలిగినవి. మంచినీరు పట్టుకొనుటకొక తావు, వాడిన నీరు విడుచుటకొక తావు, మరుగుదొడ్డి పెట్టెను కడుగుటకు వేరొక తావు. ఈ మూడవ పని అల్లునిదే. మామగారికి దానిని చెప్పుటకు అతడు సాహసింపలేదు, నేనును అడుగలేదు.

కుక్కలలో ఒకటి రాజా. లాబ్రడారు జాతిది, మందగమనము గలది. రెండవది చిట్టి. అది హైదరాబాదు వీధిలో పుట్టిన పిల్ల. మా అమ్మాయి అక్కడ నుద్యోగము చేయుచుండగా పెంచినది. ఆ దేశమునకు దానిని తీసికొనిపోవుటకు పడిన పాట్లు వినదగినవి. ముందుగా చర్మము క్రింద బియ్యపుగింజంత గుర్తుచీటి నుంచవలెను. పిమ్మట పిచ్చికుక్క రోగమునకు టీకా. టీకా వేసిన 30 దినములు గడచినగాని రక్తము తీయరాదు. ఆ రక్తమును పరీక్షించి, బలము చాలినదని తేలినను, రక్తము తీసిన నాటినుండి 3 నెలలు ఆగవలెను. ఇది యిప్పటి సుఖకాలపు నియమము. 2000వ సంవత్సరమునకు ముందైనచో దిగిన కుక్కను 6 నెలలు బోనులో నిర్బంధించెడివారు. ఆ ద్వీపమున నేలమీది జంతువులలో ఆ రోగము 1922 నాటికే అంతరించినది గావున వారికంత భయము. మన దేశమున ఆ రోగముచే నేటికిని బిడ్డలు చచ్చుచున్నారు. వారి కాఠిన్యమును చూచి నవ్వుటకు నాకు నోరు రాలేదు.

ఇక నా కష్టము చెప్పెదను. నా గురువుగారు కుక్క తాకిన స్నానము చేయించిన సంప్రదాయమువారు. ఇల్లుబండిలో నేను పరుండు బల్లకును రాజా పరుండు దుప్పటికిని మూరెడు దూరము. వంటపొయ్యికిని చిట్టి ముక్కునకును అంతకన్న తక్కువ. మొదటినాడు నేను మంచినీళ్ళతో సరిపెట్టుకొంటిని. రెండవనాడు మా అమ్మాయి, "బాపూ, చిన్నప్పుడు బండి కింద మోతి పక్కననే పండుకునేటోణ్ణి అని నువ్వే చెప్పినవు గద" అనెను. బదులు చెప్పలేకపోతిని. అన్నము తింటిని. మూడవనాటికి ఉదయమున రాజాను త్రిప్పు పని నాపై బడినది. పగ్గము ఒక చేత, చిన్న సంచి యొక చేత. ఆ సంచి యెందుకో శ్రోతలు ఊహింపగలరు. కుక్క విడిచినదానిని యజమాని యెత్తి డబ్బాలో వేయవలెను. ఛందస్సు, అలంకారము చెప్పిన చేయి ఆ పని చేయుట చూచి మా మనుమడు పడి పడి నవ్వెను. నాకు మాత్రము ఆ నియమము న్యాయముగా తోచినది. కుక్క నాదైనప్పుడు దాని మాలిన్యము ఊరిది యెట్లగును?

విడిదిలో కుక్కలకు సంబంధించిన తక్కిన నియమములును ఇట్టివే. పగ్గము లేక తిరుగనీయరాదు. రాత్రి మొఱుగనీయరాదు. బయట కట్టివైచి యజమాని వెళ్ళిపోరాదు. ఈ కడపటిది అల్లుడు చదివి వినిపింపగా నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్లయ్యెను. కారణము వారికెవ్వరికిని తెలియదు.

నేను లండను పోవుటలో నాకొక స్వంత ప్రయోజనము కలదు. అక్కడి బ్రిటిష్ మ్యూజియములో మన అమరావతి స్తూపపు శిల్పములు కలవు. 1845లో వాల్టర్ ఇలియట్ అను దొర త్రవ్వించిన రాళ్ళలో అనేకములు ఓడలపై అక్కడికి చేరినవి. ముప్పది సంవత్సరములు పిల్లలకు ధాన్యకటకము, ధాన్యకటకమని చెప్పినవాడను. ఆ రాళ్ళను కంటితో చూడవలెనని కోరిక. ఆ యేడు మే నెలలోనే అబ్బీ వుడ్ నుండి నగరగర్భమునకు ఎలిజబెత్ లైను అను క్రొత్త రైలు మొదలైనది. అరగంటలోపల మ్యూజియమునకు దగ్గరి స్టేషనులో దిగవచ్చును. కుక్కలను రైలులోనికి రానిత్తురు. కదిలెడు మెట్లమీద మాత్రము చేతులతో ఎత్తుకొనవలెను. రాజాను ఎత్తుకొను భీముడు మా యింట లేడు, లిఫ్టులో దింపవచ్చును. దింపి యేమి లాభము? గ్రుడ్డివారికి త్రోవజూపుట మొదలగు సేవలు చేయు కుక్కలు తప్ప మ్యూజియములోనికి వేరు కుక్క పోరాదు.

మేమనుకొన్న దినమున ఎండ ముప్పది డిగ్రీలు దాటెను. మా వైపు వైశాఖమున అది చలువ. కాని ఇల్లుబండి రేకుపెట్టె. బయట 22 డిగ్రీలున్నప్పుడే మూసిన కారులో గంటలోపల 47 వరకు పోగలదని ఆ దేశపు జీవకారుణ్య సంఘమువారు హెచ్చరింతురు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దాని వింజామర. ఆ రొప్పు చాలనప్పుడు గడియలో ప్రాణము పోవును. ఆ వేడి అంతటితో నిలువలేదు. మరు వారమున, జూలై 19న, కోనింగ్స్‌బీ అను చోట 40.3 డిగ్రీలు పడి ఇంగ్లండు చరిత్రలో ఎన్నడు లేని యెండగా నమోదైనది.

అల్లుడు, "కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి, మూడు గంటలల్ల వచ్చేద్దాం మామయ్యా, ఏమీ కాదు" అనెను. అతడు దుర్మార్గుడు కాడు. నాపై ప్రేమచే, నేను వచ్చిన పని నెరవేరవలెనని చెప్పిన మాట. మా అమ్మాయి, "మీరు పోండ్రి బాపూ, నేనుంట" అనెను. మనుమని సెలవులో తల్లితో వాడు గడపవలసిన దినమది. నేను పోనని చెప్పితిని. ముగ్గురును ఆశ్చర్యపడిరి. కారణము చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పుచున్నాను.

నాకు పదియవ యేడు నడచుచుండగా తాత నన్ను పసుపుబండిపై మొదటిసారి నగరమునకు తీసికొనిపోయెను. మేము దిగిన బండ్లవిడిది కావలివాడు, "కుక్కను లోపటికి తేవద్దు పటేలా" అని అడ్డుకొనెను. ముందటి వారము ఒక బండి కుక్క యెవరినో కరచినదట. అతనిని నేను తప్పుపట్టను. తాత సంచులు తూయించుటకు లోపలికి పోవుచు, నాతో "నువ్వు మోతికాడ కూసో బిడ్డా, తూకం కాంగనే వస్త" అనెను. గేటు బయట వేపచెట్టు క్రింద కూర్చుంటిని. కొంతసేపటికి రైలు కూత వినబడెను. అప్పటికి నేను రైలును చూచి యెరుగను. మా వైపునకు రైలు పెద్దపల్లి–నిజామాబాదు మార్గము పూర్తియైన 2017లో గాని రాలేదు. మోతి మెడత్రాటిని వేపవేరునకు రెండు ముడులు వేసి కట్టి, పరుగెత్తితిని. పొగ చిమ్ముచున్న యింజనును చూచితిని. అది కదలిపోవువరకు చూచితిని. తిరిగివచ్చునప్పటికి వేపవేరున కొరికిన త్రాటిముక్క మిగిలియుండెను.

రెండు దినములు వెదకితిమి. తాత పసుపు అమ్మిన రూకలు నడుమున కట్టుకొని, తెలియని వీధులలో, "మోతీ, మోతీ" యని పిలుచుచు నడచెను. ఆ పిలుపునకు దారిన పోవువారు తిరిగి చూచి నవ్విరి. మూడవనాడు బండి కట్టక తప్పలేదు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆర్మూరు విడిదిలో ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. బండి క్రింద కుక్క లేదు గదా! కందిలి యొద్ద కూర్చుండి తెల్లవారుజామున ఒక్క మాట యనెను: "కూసోమన్న. కట్టేయమన్ననా?"

నా యుద్యోగకాలమున మహాప్రస్థానిక కథను ఎన్ని మారులు పిల్లలకు చెప్పితినో లెక్కలేదు. ధర్మరాజు హిమవంతముపై ఒంటరియై మిగులగా ఇంద్రుడు రథము తెచ్చి యెక్కుమనెను. వెంటవచ్చిన కుక్కకు అందు చోటు లేదనెను. తన్ను నమ్మి వచ్చినదానిని విడిచి తాను ఎక్కనని ధర్మరాజు నిలిచెను. వాహనమునందు కుక్కకు చోటుండుటను గూర్చిన వివాదములలో నేనెరిగినంతవరకు ఇదియే ప్రాచీనము. తిక్కన సోమయాజి దానిని తెలుగున చెప్పెను. ఆ ఘట్టము వచ్చినప్పుడు నేను త్వరత్వరగా తాత్పర్యము చెప్పి ముందునకు పోయెడివాడను. కారణము పిల్లలెరుగరు. భారతారంభమున సరమ కథకూడ నంతే. జనమేజయుని యాగశాలకు వచ్చిన కుక్కపిల్ల హవిస్సును ముట్టకున్నను రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమి యని రాజునే నిలదీసెను. మోతికి అడుగ వచ్చు తల్లి లేదు.

వారు మువ్వురును రైలెక్కిరి. నేను రెండు కుక్కలను మఠపు శిథిలములకు పైనున్న అడవిలోనికి తీసికొనిపోతిని. పెద్ద చెట్టు నీడ. గిన్నెలో నీరు పోసితిని. చిట్టి త్రాగెను, రాజా గిన్నెలో కాలు పెట్టెను. దూరమున లండను మేడలు ఎండలో తెల్లగా కనబడుచుండెను. అటు పోవు ఒక వృద్ధురాలు ఆగి, తన కుక్కను కూర్చుండబెట్టి, నాతో వాతావరణమును గూర్చి మాటలాడెను. నాకు సగము తెలిసినది. పగ్గములను చెట్టునకు కట్టక రెండింటిని మణికట్టునకు చుట్టుకొంటిని. కునుకు పట్టినప్పుడెల్ల రాజా కదలిన చేయి గుంజుకొని మెలకువ వచ్చుచుండెను. నాలుగు గంటలు అట్లు గడచినవి. అంత చక్కని మధ్యాహ్నము నాకు ఆ దేశమున వేరొకటి లేదు.

సాయంకాలము మనుమడు పరుగున వచ్చి ఫోనులో బొమ్మలు చూపెను. "తాతా, నీ స్తూపం. నువ్వు రాలేదని నీ కోసం అన్నీ తీసిన" అనెను. కన్నీరు వచ్చుటచే బొమ్మ సరిగా కనబడలేదు. ఎండకు కండ్లు మండినవని చెప్పితిని.

రెండు దినములకు వేడి తగ్గెను. మా అమ్మాయి కుక్కలయొద్ద నుండెను. అల్లుడు నన్ను రైలులో తీసికొనిపోయెను. అమరావతి శిల్పముల యెదుట ఒక పూట నిలిచితిని. వానిని గూర్చి చెప్పుటకు నేటి సమయము చాలదు.